మోరి మీద మెట్లు

మా మేనల్లుడు ఒక ఎండాకాలం రెండు వందల గజాల ప్లాటు కొని, కాగితాల సంచి చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మామా, అంతా రూల్ ప్రకారం కట్టుకోవాలె. ఏమేం చెయ్యాల్నో జెర చెప్పు" అన్నాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద ముప్పై ఏండ్లు కూర్చుని, పైరవీల మీదనే ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళు చేసినవాణ్ని నేను. నా ఇంటికే వచ్చి, నా చాయ్ తాగుతూ ఇంత మాటంటాడా అని మా ఆవిడ వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసింది. నేను మాత్రం నొచ్చుకోలేదు. పిల్లవాడు హైదరాబాదులో ఇంజనీరింగు చదివాడు, లోకం తెలియక అన్నాడు. వాడికి చెప్పిన నాలుగు ముక్కలూ పదిమందికి పనికొస్తాయని ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇల్లు కట్టేవాళ్ళకే కాదు, లేఅవుట్లు వేసేవాళ్ళకూ, అపార్ట్‌మెంట్లు లేపేవాళ్ళకూ, నిన్నమొన్న గెలిచిన నాయకులకూ ఇందులో తలా ఇంత ఉంది.

మాది ఉత్తర తెలంగాణలో ఒక పట్టణం. పేరు చెప్పను. చెబితే పక్క పట్టణంవాళ్ళు "మా దగ్గర మాత్రం లేదా ఏంది" అని నొచ్చుకుంటారు.

నాయకులకు

పని మొదలుపెట్టడం వేరు, పూర్తి చేయడం వేరు. ఈ రెండిటికీ ఏదో చుట్టరికం ఉందనుకున్నవాడు రెండోసారి గెలవడు.

మొదలుపెట్టడానికి కావలసింది ఒక రాయి. రాయికి మన దగ్గర కొదవేముంది? కరీంనగర్ గుట్టలు కోసిన గ్రానైటు కాకినాడ రేవు మీదుగా చైనా దాకా పోయింది. టాన్ బ్రౌన్ అంటే దేశాలన్నీ మన రాయినే తలుచుకుంటాయి. గుట్టలు గుట్టలు తరలిపోయినా ఒక్క పలక మిగిలితే చాలు, శిలాఫలకానికి సరిపోతుంది. పలక మీద పేర్ల వరుస దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఎవరి పేరు పైనుండాలె, ఎవరిది కిందికి పోయింది, ఎవరిది అసలే మరిచారు అన్న లొల్లి ఎంత ముదిరితే అంత మేలు. ఆ లొల్లి తేలేదాకా పని సంగతి ఎవరూ అడగరు. తేలినాక అడుగుదామంటే, అప్పటికి ఎన్నికల కోడ్ వచ్చి ఉంటుంది. రాయి మీద గుడ్డ కప్పేస్తారు.

పెద్దపల్లి, కరీంనగర్, నిజామాబాద్ రైలు మార్గం సంగతి వినండి. 177 కిలోమీటర్లు. 1993లో పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా శంకుస్థాపన చేశారు. ఆయన వంగర మనిషి, అప్పుడది కరీంనగర్ జిల్లాలోనిదే. దేశానికి ప్రధాని, జిల్లాకు సొంత బిడ్డ, స్వయంగా వేసిన రాయి. ఇక ఆగుతుందా అన్నారు అమాయకులు. ఆగింది. ముక్కలు ముక్కలుగా కదిలి, మళ్ళీ ఆగింది. 2004లో ఆయన కాలం చేశారు. రైలు నిజామాబాద్ చేరింది 2017లో. ఇరవై నాలుగేండ్లు! ఈ మధ్యలో ఎన్ని ఎన్నికలు జరిగాయో, ఎన్ని సభల్లో ఆ లైను పేరు మైకుల్లో మోగిందో లెక్కపెట్టుకోండి. మరి లైను పూర్తయ్యాక? రైలు రోజూ వస్తోంది, పోతోంది. దాని పేరెత్తే సభ ఒక్కటీ నా చెవిన పడలేదు. నడిచే రైలుకు ఓట్లుండవు.

ఆదిలాబాద్‌వాళ్ళ అదృష్టం ఇంకా పెద్దది. వాళ్ళకు ఒకటి కాదు, వరుసే ఉంది. ఆర్మూరు మీదుగా రైలు వస్తే హైదరాబాదు దగ్గరవుతుందని సర్వేల మీద సర్వేలు. అప్పటిదాకా రైలెక్కినవాడు ముదుఖేడ్ వైపు, అంటే మహారాష్ట్రలోకి పోయి, చుట్టు తిరిగి తెలంగాణలోకి రావాలి. ఒక్క టికెట్టుతో రెండు రాష్ట్రాలు. 1984లో ఉత్పత్తి మొదలుపెట్టి, ఆ శతాబ్దం దాటకుండానే చల్లారిన సిమెంటు ఫ్యాక్టరీ ఒకటి ఉంది, కేంద్ర ప్రభుత్వ సీసీఐది. సున్నపురాయి అక్కడే ఉంది, భూమి అక్కడే ఉంది, తెరిపిస్తామన్న మాట కూడా అక్కడే ఉంది. ఇక నిజాం కాలంనాటి విమానాల దిగుడు బాట. విమానం దిగని ఆ మైదానం మీద ఎన్ని తరాలు విమానాశ్రయం కలగన్నాయో! 2025 ఏప్రిల్‌లో వైమానిక దళం పౌర విమానాలకు సరేనంది. నాకైతే కొంచెం దిగులేసింది. నిజంగానే విమానం దిగితే, ఆ తరువాత మైకులో ఏం చెబుతారు?

ఈ మాట ప్లాట్ల వ్యాపారులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. వచ్చిన ప్రాజెక్టు పక్కన భూమి రేటు ఒకసారి పెరిగి నిలబడిపోతుంది. రాని ప్రాజెక్టు పక్కన ప్రతి ఎన్నికకూ పెరుగుతుంది. కాబట్టి బ్రోచరు మీద "ప్రతిపాదిత" అన్న మాట ఎంత చిన్న అక్షరాల్లో పడితే అంత మంచిది. "ఎయిర్‌పోర్టుకు ఐదు నిమిషాలు" అన్నదాంట్లో అబద్ధం ఏముంది? ఐదు నిమిషాలూ నిజమే. ఎయిర్‌పోర్టు ఒక్కటే రావాలి.

పూర్తి చేసిన పనితో వచ్చే కష్టం చెబుతాను. కరీంనగర్‌లో మానేరు మీద కేబుల్ బ్రిడ్జి కట్టారు. 224 కోట్లు. 2023 జూన్ 21న తెరిచారు. తీగలు, రంగురంగుల లైట్లు, వారాంతానికి సెల్ఫీల జాతర. చాలా బాగుంది, నేనూ పోయి ఫోటో దిగాను. కానీ తెరిచింది మొదలు జనం దాన్ని చూడటం మొదలుపెట్టారు. ఇదే ప్రమాదం. అప్రోచ్ రోడ్డు మీద పగుళ్ళు కనబడ్డాయి. లైట్లు వెలగడం లేదని కనబడింది. పేపర్లో పడింది. ఆ వంతెన పిల్లర్ల దశలోనే ఉండి ఉంటే ఎవడికి కనబడేది పగులు?

పక్కనే మానేరు రివర్ ఫ్రంట్‌ను చూడండి. సుమారు 410 కోట్ల పని. 2022 మార్చిలో శంకుస్థాపన. అహ్మదాబాద్ సబర్మతిలాగ చేస్తామన్నారు. సగంలో నిలిచింది. ఇప్పటిదాకా అందులో ఒక్క వెలగని లైటు లేదు, ఎందుకంటే లైటే లేదు. ఎవరన్నా నిలదీస్తే సబర్మతిని అడ్డం పెట్టండి. అక్కడ 1997లో కంపెనీ పెట్టారు, 2005లో పని మొదలుపెట్టారు, 2012కు గానీ జనాన్ని ఒడ్డు మీదికి రానివ్వలేదు. పదిహేనేండ్లు. సబర్మతి నుంచి నమూనా ఒక్కటే తెచ్చుకుంటే ఎట్లా, ఓపిక కూడా తెచ్చుకోవాలి కదా. అందాక మానేరు ఒడ్డున సాయంత్రం వాహ్యాళి కోరేవాళ్ళకు డంపింగ్ యార్డు ఉండనే ఉంది. అదీ ఆ ఒడ్డునే. పొగమంచు కోసం ఊటీ పోనక్కర్లేదు.

స్మార్ట్ సిటీ కథలో ఒక పాఠం ఉంది, అది సామాన్యులకు అందదు. 2015 జూన్ 25న కేంద్రం ఆ పథకం మొదలుపెట్టింది. మొదట రాష్ట్రం ఇచ్చిన పేర్లలో హైదరాబాదు ఉండేది. దాని బదులు కరీంనగర్ పేరు ఇచ్చారు, 2017 జూన్‌లో ఎంపికైంది. కేంద్రం 500 కోట్లు, రాష్ట్రం అంతే వేసుకోవాలి. ఐదేండ్ల పథకం. గడువు పెంచారు. మళ్ళీ పెంచారు. 2025 మార్చి 31న ముగించేసరికి పథకం వయసు పదేండ్లకు దగ్గర. గడువు అనే మాటకు అర్థం మనం తప్పుగా చెప్పుకుంటున్నాం. అది పని పూర్తి కావలసిన తేదీ కాదు. పొడిగింపు అడగాల్సిన తేదీ.

రోడ్లు తవ్వే వరుస కూడా తెలిసి ఉండాలి. ఇది చాలామంది తలకిందులు చేస్తారు. ముందు సీసీ రోడ్డు వేయాలి. నున్నగా, అద్దంలా. అది ఆరీ ఆరకముందే నీళ్ళ పైపుకు తవ్వాలి. పూడ్చి, పైన మట్టి కుప్ప పోసి వదిలేయాలి. మట్టి కుప్ప కుంగినాక భూగర్భ డ్రైనేజీకి, అదయ్యాక కేబులుకు. పైపులన్నీ ముందు వేసి రోడ్డు ఆఖర్న వేస్తే టెండర్లు ఒకేసారి అయిపోతాయి. నేను చెప్పినట్టు చేస్తే ఒక్క రోడ్డును నాలుగుసార్లు వేయొచ్చు. జనం కూడా సంతోషిస్తారు, "మా గల్లీలో ఎప్పుడూ ఏదో పని నడుస్తనే ఉంటది" అని చుట్టాలకు చెప్పుకుంటారు.

ఎట్లాగైనా ఒక పని ఆగాలంటే, దాన్ని రెండు శాఖలకు పంచండి. రైల్వే గేటు మీద వంతెన ఇందుకు బంగారం లాంటిది. పట్టాల మీది ముక్క ఒకరిది, రెండు వైపుల దిగుళ్ళు ఇంకొకరివి, భూసేకరణ మూడోవాళ్ళది, కరెంటు స్తంభాలు నాలుగోవాళ్ళవి. ఆదిలాబాద్‌లో తాంసి బస్టాండ్ దగ్గర గేటు పడ్డప్పుడు నిలబడి చూడండి, పత్తి బండ్ల కాలంలో అయితే మరీ మంచిది. కరీంనగర్‌లో తీగలగుట్టపల్లి గేటు దగ్గరా అంతే. వంతెన కోసం ఊళ్ళకు ఊళ్ళు ఎదురుచూస్తున్నాయని రాస్తారు పేపర్లవాళ్ళు. అక్కడ పల్లీలు, మిర్చి బజ్జీలు అమ్మేవాళ్ళను అడిగి రాయరు.

లేఅవుట్ వేసేవాళ్ళకు

ప్లాటును మే నెలలో చూపించాలి. ఇదొక్కటి గుర్తుంటే మిగిలింది చదవకపోయినా ఫరవాలేదు.

మే నెలలో చెరువు పొలంలాగ ఉంటుంది, నాలా తొవ్వలాగ ఉంటుంది. శిఖం భూమి అంటే ఏమిటి? నిండితే నీళ్ళు, ఎండితే పంట. మన తాతలు అంతవరకే కనిపెట్టారు. మూడో పంట మనం కనిపెట్టాం. మత్తడి దూకే చోట ఆర్చి కట్టాలి, దాని మీద గార్డెన్సో, ఎన్‌క్లేవో, లేక్ వ్యూనో రాయాలి. లేక్ వ్యూ అని రాస్తే అబద్ధమాడామన్న మాట కూడా రాదు. ఆగస్టులో కిటికీ తీస్తే లేకే కనబడుతుంది. ఒక్కోసారి కిటికీ తీయనక్కర్లేదు.

బఫరు సంగతి అడిగే చాదస్తులు ఈమధ్య ఎక్కువయ్యారు. నిబంధన వాళ్ళకన్నా మనకే బాగా తెలియాలి. 2012 భవన నిబంధనల ప్రకారం చెరువు పది హెక్టార్లు, ఆపైన ఉంటే నీళ్ళు నిండే గీత నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు చాలు. లెక్క అర్థమైంది కదా? పన్నెండు హెక్టార్ల చెరువున్నవాడు తెలివైనవాడైతే ఏం చేస్తాడు? ఇండ్లు కూలగొట్టిన మట్టి పోసుకుంటూ, పోసుకుంటూ చెరువును తొమ్మిదికి తెచ్చి, అప్పుడు సర్వేకు దరఖాస్తు పెడతాడు. 21 మీటర్లు చుట్టూ కలిసొస్తాయి. కింద రెండు వందల ఎకరాల ఆయకట్టు ఉండేదని ఎవరన్నా ముసలాయన కర్ర ఊపుకుంటూ వస్తే, ఆయనకు కార్నరు ప్లాటు మీద రేటు తగ్గించండి. హైదరాబాదులో 2024లో చెరువుల్లో కట్టినవి కూల్చే హైడ్రా వచ్చిందని భయపడేవాళ్ళకు ధైర్యం చెప్పండి. అది అవుటర్ రింగ్ రోడ్డు దాకానే. మనదాకా రావాలంటే ముందు శంకుస్థాపన జరగాలి, ఆ తరువాతి సంగతి పైన రాశాను.

పార్కు కోసం పది శాతం స్థలం వదిలి, దాన్ని దానపత్రం రాసి స్థానిక సంస్థకు ఇవ్వాలన్నది ఇంకో నియమం. వదలండి. నక్షాలో పచ్చరంగు పూయండి. ఉయ్యాల బొమ్మ కూడా వేయండి. దానపత్రం ఒక్కటే మరిచిపోండి. మనుషులం కదా, మరుపు సహజం. పదేండ్లకు ప్లాట్లన్నీ అమ్ముడై, రేటు మూడింతలై, కొన్నవాళ్ళు ఊళ్ళు మారినాక, ఆ పచ్చరంగు మీద కొత్త నంబర్లు వేయొచ్చు.

అనుమతుల కోసం ఆరాటపడకండి. పట్టణం పెరుగుతుంది, ఊళ్ళు కలుస్తాయి. కరీంనగర్ 2005లో కార్పొరేషనైంది. 2019లో చుట్టూ ఉన్న ఊళ్ళు కొన్ని కలిశాయి, 2025లో కొత్తపల్లి మున్సిపాలిటీతో సహా ఇంకొన్ని. ఊరు కలిసేముందు ఆర్నెల్లు ఎంత విలువైనవో నాకు తెలుసు. ఆ ఆర్నెల్లలో పంచాయతీ రబ్బరు ముద్రలు మూడు షిఫ్టుల డ్యూటీ చేస్తాయి. ఊరు కలిసిన తరువాత కూడా కొన్ని ముద్రలు ఇంట్లో మరిచిపోయినట్టు ఉండిపోతాయి. మరుపు గురించి ఇందాకే చెప్పాను.

ఇక క్రమబద్ధీకరణ. ఈ ఒక్క మాట మీద నా ఇల్లు నిలబడింది. 2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో ఒకసారి వచ్చింది. 2015లో ఒకసారి. 2020 ఆగస్టు 31న ఇంకొకసారి. ప్రతిసారీ అదే చివరి అవకాశం. చివరి అవకాశం ఐదేండ్లకో ఎనిమిదేండ్లకో ఒకసారి రావడం మన దేశంలోనే చూస్తాం. 2020లో ప్లాటుకు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టమంటే పాతిక లక్షలకు పైగా వచ్చాయి. అవి అట్లాగే నాలుగేండ్లకు పైగా నిద్రపోయాయి. 2025లో నిద్రలేపి, గడువులోపు కడితే 25 శాతం తగ్గిస్తామన్నారు. పావలా వంతు! మా పక్కవీధి మాస్టారు రిటైరైన డబ్బంతా పోసి అనుమతి ఉన్న లేఅవుట్‌లోనే కొన్నాడు, గజానికి నాలుగు వేలు ఎక్కువ పెట్టి. ఆయనకు ఏ ప్రభుత్వం ఎంత తగ్గించింది? రాయితీ వార్త వచ్చిన పొద్దు ఆయన పేపరు మడిచి, దాని మీద చాయ్ గ్లాసు పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పార్కు స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాటు విలువలో 14 శాతం కట్టాలన్న షరతు ఉంది, నిజమే. కానీ ఆ 14 శాతం కట్టాల్సింది కొన్నవాడు. పార్కు అమ్ముకున్నవాడు కాదు.

నా దరఖాస్తు రశీదును నేను లామినేషన్ చేయించి, దేవుని గూట్లో వేములవాడ రాజన్న పటం పక్కన పెట్టుకున్నాను. పైసలు మాత్రం కట్టలేదు. దరఖాస్తు "పెండింగ్"లో ఉన్నంతకాలం ఎవరు నోటీసు తెచ్చినా దాన్నే చూపిస్తాను. మంజూరైన కాగితానికి షరతులుంటాయి. పెండింగ్ కాగితానికి ఏ షరతూ ఉండదు.

ఇల్లు కట్టేవాళ్ళకు

ఇక్కడ నా మేనల్లుని కథ కొంత చెప్పాలి. వాడు నా మాట వినకుండా ఫోన్లోనే దరఖాస్తు పెట్టాడు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ అట. 75 గజాల లోపు చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలట. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు మించకుంటే, నేనే సరిగ్గా కడతానని ఒప్పుకుని అప్లోడ్ చేస్తే అప్పటికప్పుడు అనుమతట. ఆపైన వాటికి 21 రోజులట. వాడు మా వాకిట్లో మంచం మీద కూర్చుని, చాయ్ చల్లారకముందే అనుమతి తెచ్చుకున్నాడు.

"ఏందిరా, ఎవ్వరి మొహం చూడకుండనా?" అన్నాను.

"ఎవ్వరిది చూడాలె మామా?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. టౌన్ ప్లానింగు గుమ్మం ముందు చెప్పులు వదిలి, రేపురా అనిపించుకుని, ఎల్లుండి పోయి, ఆవలెల్లుండి పోయి, చివరికి "ఏమన్నా తినిపో పెద్దమనిషీ" అనిపించుకున్న రోజులు గుర్తొచ్చాయి. అదొక బంధుత్వం. ఫోనుతో బంధుత్వం ఏముంటుంది?

అయినా అందులోనూ ఒక సౌకర్యం ఉందని తరువాత తెలిసింది. "నేనే సరిగ్గా కడతాను" అని ఒప్పుకోవడం. అంటే మనల్ని నమ్ముతున్నారన్నమాట. నమ్మినవాళ్ళను ఏం చేయాలో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దరఖాస్తులో రెండంతస్తులు చూపండి, మూడు కట్టండి, పైన రేకులతో పెంట్‌హౌజు వేయండి. చుట్టూ వదలమన్న సెట్‌బ్యాకు నక్షాలో వదలండి, నేల మీద కలిపేయండి. పక్కింటాయన కూడా కలిపేశాడు, కాబట్టి రెండు గోడల మధ్య పిల్లి పోయేంత సందు మిగులుతుంది. వెలుతురు కావాలంటే కరెంటు ఉంది.

స్లాబు ఎప్పుడు వేయాలి? రెండో శనివారం, ఆదివారం, దాని పక్కన పండుగ వస్తే అంతకన్నా ముహూర్తం లేదు. పురోహితుని పంచాంగం కన్నా సర్కారు సెలవుల క్యాలెండరు చూసుకోండి. సెంట్రింగ్‌వాళ్ళకు, కాంక్రీటు మిల్లరువానికి రెట్టింపు కూలి పోతుంది, పోనీ. స్లాబు పడకముందు అది ఉల్లంఘన. పడ్డాక ఆస్తి. సోమవారం ఎవరన్నా వస్తే, "అయ్యో, నిన్న వస్తే ఆపేవాళ్ళం" అని నొచ్చుకోండి. మనస్ఫూర్తిగా నొచ్చుకోవాలి, ఆ పూట మీ మొహం చూసే రిపోర్టు రాస్తారు.

అపార్ట్‌మెంటువాళ్ళకు రెండు మాటలే. రెరా చట్టం 500 చదరపు మీటర్ల స్థలం, లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటితే నమోదు కావాలంటుంది. కాబట్టి ఎనిమిది దగ్గర ఆగండి. తరువాత పక్కనే తమ్ముని పేరు మీద ఇంకో ఎనిమిది, బావమరిది పేరు మీద ఇంకో ఎనిమిది. ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమవుతున్నాయని ఊరికే బాధపడతారు గానీ, ఇట్లాంటి చోట్ల ఎంత కలిసికట్టుగా ఉన్నాయో చూడరు. స్టిల్టులో పార్కింగు వదలమంటారు. ఆరునెలలు వదలండి. తరువాత షటర్లు పెట్టి జిరాక్స్ షాపుకో, డయాగ్నస్టిక్ సెంటరుకో ఇవ్వండి. కార్లు రోడ్డు మీద నిలబడతాయి. రోడ్లు ఉన్నది అందుకే కదా.

తోపుడు బండివాళ్ళకు

వీళ్ళకు చెప్పడానికి నా దగ్గర సలహా లేదు. వీళ్ళకోసం చట్టమే ఉంది.

2014లో వచ్చింది. పట్టణ విక్రయ కమిటీ వేయాలి, అందులో నూటికి నలభైమంది బండ్లవాళ్ళే ఉండాలి, సర్వే చేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి, అందాక ఎవరినీ కదిలించొద్దు. ఇంత మంచి చట్టం మా పైరవీకార్లకు కూడా రాలేదు. మా వీధి మూల మీద ఒకామె ఇడ్లీ బండి పెట్టేది. ఎవరో పెద్దమనిషి పర్యటన ఉందని ఒక పొద్దు ట్రాక్టరు వచ్చింది. దరఖాస్తు లేదు, పెండింగు లేదు, ఇరవై ఒక్క రోజులు లేదు. ముందు గ్యాసు పొయ్యి దించారు, తరువాత గిన్నె. గిన్నె మూత లేస్తే లోపల రెండో వాయి ఇడ్లీలు ఇంకా ఉడుకుతున్నాయి. ఆవిరి ట్రాక్టరు మీద నుంచి పోతూనే ఉంది. ఆమె చేతిలో చట్నీ గరిటె అట్లాగే ఉండిపోయింది. పొద్దున్నే నేను చెప్పిన నాలుగిడ్లీలకు పైసలు ఇచ్చాను గానీ ఇడ్లీలు రాలేదు. అడగడం బాగుండదని ఊరుకున్నాను.

ఆ ట్రాక్టరు మా ఇంటి ముందే ఆగింది. నా మెట్లు మోరి దాటి రోడ్డు మీదికి నాలుగు అడుగులు ఉంటాయి. సూపర్‌వైజరు మెట్లను చూశాడు, నన్ను చూశాడు, నేను లోపలికి పోయి లామినేషన్ కాగితం తెచ్చాను. "మీదేం లేదు సార్, మీది ప్రాసెస్‌ల ఉన్నది" అన్నాడు. మంచి పిల్లవాడు.

మెట్ల సంగతి

ఈ మెట్లకొక చరిత్ర ఉంది. ఇరవై రెండేండ్ల కింద ఇల్లు కట్టినప్పుడు గడప రోడ్డు కన్నా మూడడుగులు ఎత్తు, మెట్లు నాలుగే. మోరి ఇవతలే ఆగిపోయేవి. తరువాత సీసీ రోడ్డు పడింది, ఆరంగుళాలు లేచింది. తవ్వారు, దాని మీద ఇంకోటి వేశారు. పాతది తీసి వేయొచ్చు కదా అని మేనల్లుడు అడిగాడు. తీస్తే ఖర్చు, వాడికేం తెలుసు. అట్లా రోడ్డు లేచి లేచి మా గడపకు దగ్గరైంది. మోరిని నేను ముందే బండలతో మూసి, పైన మెట్లు, పక్కన స్కూటరు ర్యాంపు, ర్యాంపు కింద నీళ్ళ సంపు కట్టుకున్నాను. నా ఒక్కడిదే కాదు, వీధంతా అంతే. కాబట్టి మోరి ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ ఖచ్చితంగా తెలియదు.

పోయిన వానాకాలం ఒక రాత్రి నాలుగు గంటలు కొట్టింది. మొదట బాత్‌రూంలోంచి బుడబుడమని చప్పుడొచ్చింది. తరువాత గడప మీదుగా నీళ్ళు పిల్లిలాగ మెల్లగా లోపలికి నడిచొచ్చాయి. మా ఆవిడ బియ్యం సంచి ఎత్తి ఫ్రిజ్జు మీద పెట్టింది. నేను దేవుని గూట్లోంచి లామినేషన్ కాగితం తీసి జేబులో పెట్టుకున్నాను. తడిసినా ఏమీ కాలేదు, లామినేషన్ మంచిది.

మేనల్లుడు ఫోను చేశాడు. "మామా, అత్తను తీసుకుని ఇటు రారాదే, ఇక్కడ నీళ్ళు లేవు" అన్నాడు. వాడు మోరి తెరిచే ఉంచాడు, పైన ఇనుప జాలి వేశాడు, సెట్‌బ్యాకులో నాలుగు జామ మొక్కలు పెట్టాడు. అంత ఖాళీ వృథా చేశాడని నేనన్న ఇంట్లోనే రెండు రోజులున్నాం. జామ మొక్కలు బాగానే ఉన్నాయి.

నేను వెనక్కి తగ్గే మనిషిని కాను. నీళ్ళు దిగినాక జాకీలవాళ్ళను పిలిచాను. ఇంటిని నాలుగడుగులు లేపుతామన్నారు. చదరపు అడుగు లెక్కన మాట్లాడుకున్నాం. గోడ కింద వరసగా జాకీలు పెట్టి, ఒకాయన ఈల వేస్తే అందరూ ఒక్కో చుట్టు తిప్పుతారు. అల్మారాలో గ్లాసు కూడా కదలదు. ఇల్లు లేస్తోంటే వీధంతా చూడొచ్చింది. మెట్లు ఇప్పుడు నాలుగు చాలవు కదా, తొమ్మిది కావాలి. మేస్త్రీ టేపు పట్టుకుని రోడ్డు మీదికి నడుచుకుంటూ పోయి, నడిమిట్ల ఆగాడు.

"సార్, ఎదురింటాయన గుడ లేపుతుండట. ఆయనయి ఎనిమిది మెట్లు. మనయి తొమ్మిది. రెండు కలిస్తే ఇగ నడుమ రోడ్డుండది."

"ఎంత మిగుల్తది?"

"మిగుల్డేంది సార్, రెండూ ఒకదానికొకటి తాకుతయి."

నేను కొంచెంసేపు ఆలోచించాను. "తాకితే తాకనియ్. పైన పలకలు పరిచి కలిపెయ్. కింద నుంచి మోరి పోతది, మీది నుంచి మనం పోతం. లైట్లు పెట్టియ్యాలె, రంగురంగులవి."

"బ్రిడ్జి లెక్కనా సార్?"

"బ్రిడ్జే."

మేస్త్రీ టేపు చుట్టి, బీడీ వెలిగించుకుని, "మరి రాయి మీద ఎవరి పేరు ఏపియ్యాలె?" అన్నాడు.